హెన్రీ బెన్స్ జోన్స్: మూత్రంలో వ్యాధి జాడ చూచిన వైద్యుడు

శరీరం విసర్జించే మలినాలను తలచుకొనడానికే లోకులు జంకుతారు. వైద్యుడు మాత్రం జంకరాదు. మన ప్రాచీన వైద్యులు రోగిని పరీక్షించే అష్టస్థానాలలో నాడి తరువాత మూత్రాన్నే పేర్కొన్నారు. యూరపు ఖండంలో సైతం శతాబ్దాల తరబడి వైద్యులు గాజుబుడ్డిలో మూత్రాన్ని పట్టి, దాని రంగును, మడ్డిని చూచి రోగనిర్ణయం చేసేవారు. కాలక్రమాన ఆ విద్య మోసగాండ్ర చేతిలో పడి, రోగి ముఖమైనా చూడకుండా బుడ్డిని చూచి ఫలం చెప్పే స్థితికి దిగజారినది. ఆ భ్రష్టవిద్యను 19వ శతాబ్దంలో రసాయనశాస్త్రం శుద్ధిచేసి మరల వైద్యుని చేతికి అందించినది. ఆ కార్యానికి పూనుకొన్నవారిలో అగ్రగణ్యుడు ఇంగ్లండు దేశపు వైద్యుడు హెన్రీ బెన్స్ జోన్స్. క్యాన్సరు జాతికి చెందిన ఒక వ్యాధి మూత్రంలో విడిచే గుర్తును శాస్త్రీయంగా వర్ణించి లోకానికి తెలిపినవాడు ఆయన. నేటికిని ఆయన పేరు ఆసుపత్రుల పరీక్షాపత్రాలలో కనబడుతూనే ఉన్నది. కాని ఆ పేరు వెనుక ఉన్న మనిషిని ఎరిగినవారు బహు కొద్దిమంది.

హెన్రీ 1813 డిసెంబరు 31వ తేదీన, తూర్పు ఇంగ్లండులోని సఫోక్ మండలంలో, యాక్స్‌ఫర్డ్ సమీపాన గల థోరింగ్టన్ హాల్ అనే ఇంట పుట్టినాడు. తండ్రి అశ్విక సైన్యంలో ఉన్నతాధికారి. సంపన్న కుటుంబం కావడంచేత చదువుకు లోటు లేకపోయినది. ప్రసిద్ధమైన హారో పాఠశాలలో చదివి, పిమ్మట కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో పట్టం పుచ్చుకొన్నాడు. మొదట మతాచార్యుడు కావాలనే తలంపు ఉండినది. ఆ తలంపు నిలువలేదు. పట్టభద్రుడైన తరువాత వైద్యం వైపు మనసు మళ్ళినది. లండనులోని సెంట్ జార్జి ఆసుపత్రిలో ప్రవేశించి, తొలుత మందులు కలిపే గదిలో చేరి, ద్రవ్యాలను చేతితో తాకి, తూచి, నూరి, కలిపి ఆ పని నేర్చినాడు. పెద్దింటి బిడ్డ మందుల గదిలో కల్వం పట్టడం ఆనాటికి అరుదే. చేతిపనిమీద ఈ గౌరవం ఆయనను జీవితాంతం విడువలేదు.

ఆ రోజులలో వైద్యవిద్యార్థులు శవపరీక్ష నేర్చేవారు, రోగుల మంచాల చుట్టూ తిరిగేవారు. రసాయనశాస్త్రాన్ని మాత్రం అంతగా లెక్కచేసేవారు కారు. జోన్స్‌కు మాత్రం అందులోనే భవిష్యత్తు కనబడినది. లండనులో థామస్ గ్రాహాం అనే పండితుని వద్ద రసాయనం అభ్యసించి, అంతటితో తృప్తిపడక, 1841లో జర్మనీ దేశానికి వెళ్ళి గీసెన్ నగరంలో లీబిగ్ మహాశయుని ప్రయోగశాలలో చేరినాడు. లీబిగ్ ఆనాటి రసాయనశాస్త్రజ్ఞులలో ప్రసిద్ధ గురువు. దేశదేశాల విద్యార్థులు ఆయన ప్రయోగశాలలో స్వయంగా పరీక్షలు చేస్తూ నేర్చుకొనేవారు. జీవుల శరీరంలో జరిగే మార్పులు కూడ రసాయన సూత్రాలకు లోబడినవే అని ఆయన బోధ. జోన్స్ ఆ బోధను మనసున నింపుకొని స్వదేశానికి తిరిగి వచ్చినాడు. 1842లో మూత్రాశ్మరి, వాతరోగం మొదలైన వానిపై ఒక గ్రంథం ప్రకటించినాడు. ఆ సంవత్సరమే గాస్‌ఫర్డ్ ప్రభువు కుమార్తె మిలిసెంట్‌ను వివాహమాడినాడు. లండను యూనివర్సిటీ కళాశాల ప్రదర్శనశాలలో భద్రపరచి ఉన్న మూత్రాశ్మరులను ఒక్కొక్కటిగా విశ్లేషించి, ఏ రాయి ఏ పదార్థంతో ఏర్పడినదో తేల్చినాడు. ఇట్టి పనిలో కీర్తి తక్కువ, ఓపిక ఎక్కువ. కాని దానివలన లండను వైద్యులలో ఒక నమ్మకం పాదుకొన్నది. మూత్రంలో అంతుచిక్కని వస్తువేదైన కనబడితే జోన్స్‌కు పంపాలి అన్నదే ఆ నమ్మకం.

ఆ నమ్మకమే 1845 నవంబరు 1వ తేదీన ఒక పరీక్షనాళికను ఆయన బల్లమీదికి చేర్చినది.

ఆ మూత్రం లండనులో గౌరవంగా వ్యాపారం చేసుకొనే 45 ఏండ్ల గృహస్థునిది. అతడు 1844 సెప్టెంబరులో విహారానికి వెళ్ళి, ఒక గుహలోనుండి పైకి దుముకుతూ ఉండగా రొమ్ములో ఏదో తటాలున తెగినట్లయినది. కొంతసేపు కదలలేకపోయినాడు. నాటి వైద్యాచారం ప్రకారం పట్టీలు వేసినారు, రక్తం తీసినారు, జలగలు పట్టించినారు. నొప్పి తగ్గుతూ మరల తిరుగబెడుతూ ఏడాది గడచినది. మనిషి క్షీణించినాడు. పక్కలలో, నడుములో బాధ భరింపరానిదైనది. ఉక్కు, క్వినైను కలిసిన బలవర్ధకౌషధాలు ఇచ్చినారు. కొంత ఊరట కలిగినా అది నిలువలేదు. 1845 అక్టోబరు 30వ తేదీన విలియం మాకింటైర్ అనే వైద్యుడు రోగిని చూచినాడు. అప్పటికే థామస్ వాట్సన్ అనే పేరుగాంచిన వైద్యుడు చికిత్స చేస్తూ ఉండినాడు.

రోగి శరీరంలో నీరుపట్టు కనబడగా మాకింటైర్‌కు మూత్రం పరీక్షించాలని తోచినది. అందుకు కారణం లేకపోలేదు. కోడిగ్రుడ్డు తెల్లసొన వంటి ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలో పడితే అది మూత్రపిండాల వ్యాధికి చిహ్నమని రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు 1827లోనే చాటి ఉన్నాడు. మూత్రాన్ని వేడిచేస్తే ఆల్బుమిన్ తెల్లగా గడ్డకడుతుంది. ఉడికిన గ్రుడ్డు మరల పచ్చిసొన కానట్లే, ఒకసారి గడ్డకట్టిన ఆల్బుమిన్ మరల కరగదు. మాకింటైర్ కూడ మూత్రాన్ని వేడిచేసినాడు. అది తెల్లగా మసకబారినది. నత్రికామ్లం పోసినాడు, మసక కరగిపోయి మూత్రం తేరినది. గంట గడిచేసరికి చల్లబడిన ఆ ద్రవం పేరుకొని గట్టిపడినది. తిరిగి వేడిచేయగా కరగినది. చల్లార్చగా మరల పేరుకొన్నది. ఇది ఆల్బుమిన్ నడవడి కాదు. దానివంటిదే మరొక వస్తువు. వైద్యు లిద్దరును దానిని జోన్స్‌కు పంపి, ఈ పదార్థమేమో చెప్పవలసినదిగా కోరినారు.

అప్పటికి జోన్స్ వయస్సు 31 ఏండ్లు. ఆయన ఆ పదార్థాన్ని వేరుచేసి, ఎండబెట్టి, తూచి, విశ్లేషించినాడు. మూత్రంలో వెయ్యి పాళ్ళకు దాదాపు 67 పాళ్ళు ఆ వస్తువే ఉన్నట్లు తేలినది. రక్తంలో మాంసకృత్తు ఎంత ఉండునో ఇంచుమించుగా అంత మూత్రంలోనే పోతూ ఉన్నదన్నమాట. ఎంత తిన్నా, ఏ మందు పుచ్చుకొన్నా ఆ రోగి ఎందుకు కృశిస్తున్నాడో దీనితో బోధపడినది. తెలిసినంత మాత్రాన రోగిని నిలుపుకొనే ఉపాయం ఎవరివద్దను లేదు. 1846 జనవరి తొలి దినాలలో అతడు మరణించినాడు.

శవపరీక్షలో పక్కటెముకలు కత్తితో కోయగలిగినంత మెత్తబడి, చిన్న ఒత్తిడికే విరిగిపోయే స్థితిలో ఉన్నవి. వాని లోపల మూలుగ ఉండవలసిన తావున ఎర్రని జిగురువంటి పదార్థం నిండి ఉన్నది. మూత్రపిండాలు మాత్రం చెడలేదు. ఇదే ముఖ్యమైన సంగతి. మూత్రపిండాలు బాగుండగా మూత్రంలో ఇంత మాంసకృత్తు ఎక్కడిది? దోషం జల్లెడలో లేదు; దానిలో పోసిన వస్తువులో ఉన్నది. జోన్స్ ఆ వస్తువుకు, ఎముకల మెత్తదనానికి ముడిపెట్టినాడు. జాన్ డాల్‌రింపుల్ అనే శస్త్రవైద్యుడు ఎముకలలోని పదార్థాన్ని సూక్ష్మదర్శినితో చూచి, గుండ్రంగాను కోలగాను ఉన్న కణాలను, కొన్నింట రెండేసి కేంద్రకాలను గుర్తించి 1846లో ప్రకటించినాడు.

జోన్స్ తన పరిశోధనను 1847లో లాన్సెట్ పత్రికలోను, 1848లో రాయల్ సొసైటీ వారి ప్రచురణలోను వెల్లడించినాడు. అప్పటికే 1846లో ఆయన ఆ సొసైటీ సభ్యుడైనాడు; సెంట్ జార్జి ఆసుపత్రిలో వైద్యుడుగా నియమితుడైనాడు. ఆ వ్యాసంలో ఆయన చెప్పిన మాటలు రెండు రకాలు. ఒకటి, ఆ పదార్థం ఏమిటన్నది. ఆమ్లజనితో కూడి మార్పుచెందిన ఒక విధమైన ఆల్బుమిన్ అని ఆయన ఊహించినాడు. అది పుట్టడంలో హరితవాయువుకు పాత్ర ఉన్నదనికూడ భావించినాడు. ఈ ఊహ తరువాతి కాలంలో నిలువలేదు. రెండవది, ఆ పదార్థం ఎట్లు ప్రవర్తిస్తుందన్నది. వేడికి ఏమగును, చల్లార్చితే ఏమగును, ఆమ్లానికి ఏమగును అన్న వర్ణన ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎముకలు మెత్తబడిన రోగి ఎక్కడ కనబడినా మూత్రంలో ఈ వస్తువు ఉన్నదేమో వెదుకవలసినదని తోటి వైద్యులను కోరినాడు. ఊహ తప్పిపోయినా చూచినది నిలిచినది. ఆ కోరిక ఫలించినది.

ఈ ఒక్క కార్యంతో ఆయన జీవితం ముగియలేదు. భోజనానికి ముందు, తరువాత మూత్రపు ఆమ్లత ఎట్లు మారునో గంటగంటకు పరీక్షించి వివరించినాడు. 1850లో రసాయనశాస్త్రాన్ని జీర్ణకోశ, మూత్రపిండ వ్యాధులకు అన్వయించి మరొక గ్రంథం వ్రాసినాడు. పేదపిల్లల కోసం ప్రత్యేకమైన ఆసుపత్రి కావాలని చార్లెస్ వెస్ట్ అనే వైద్యుడు తలపెట్టగా జోన్స్ అండగా నిలిచినాడు. గ్రేట్ ఆర్మండ్ వీధిలో ఆ ఆసుపత్రి 1852లో తెరువబడినది. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆయనను రసాయనమెరిగిన వైద్యులలో మేటిగా ఎంచినది. జీవపరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్ దీర్ఘకాలం అజీర్ణబాధలతో తీసుకొంటూ ఆయన చికిత్సకు వచ్చినాడు. జోన్స్ మితాహారం విధించి, నిత్యం గుర్రపుస్వారీ చేయవలసినదని ఆదేశించినాడు.

1865లో ఆయన చేసిన ప్రయోగం మరింత చిత్రమైనది. తిన్న పదార్థం శరీరంలో ఎంత త్వరగా ఎందాక పోవును? దీనిని కనిపెట్టడానికి లిథియం అనే లోహపు లవణాన్ని ఎన్నుకొన్నాడు. లిథియం మంటలో పడితే వర్ణపటదర్శినిలో ఎర్రని గీత కనబడుతుంది. ఎంత సూక్ష్మమైన పరిమాణమైనా దాగదు. ఆ లవణాన్ని చిన్న జంతువులకు తినిపించి, కొద్దికాలానికే వాని అవయవాలన్నింటను, నెత్తురునాళాలు లేని కంటి కటకంలో సైతం ఆ గీతను చూచినాడు. కంటిలో శుక్లాలకు శస్త్రచికిత్స జరుగబోయే రోగులకు ముందుగా లిథియం ఇచ్చి, తీసివేసిన కటకాలను పరీక్షించినాడు. శరీరంలోనికి ఏమి పోవునో, ఎక్కడికి చేరునో, ఎప్పుడు వెలుపలికి వచ్చునో అన్నదే ఆయన సాగించిన ఏకైక విచారణ. మూత్రం ఆయనకు మలినం కాదు. దేహం లోపలినుండి వచ్చే వార్త.

1860 నుండి జీవితాంతం ఆయన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు కార్యదర్శిగా ఉండినాడు. మైకేల్ ఫారడే మహాశయునికి ఆప్తమిత్రుడు. ఫారడే 1867లో గతించగా, ఆయన ఉత్తరాలను, దినచర్యలను సేకరించి, 1870లో రెండు సంపుటాల జీవితచరిత్ర ప్రకటించినాడు. మరుసటి సంవత్సరం ఆ సంస్థ పుట్టుపూర్వోత్తరాలను గూర్చి మరొక పుస్తకం వ్రాసినాడు. పరుల కీర్తిని భద్రపరచడంలో ఇంత శ్రద్ధ చూపినవాడు తన ఆత్మకథను మాత్రం అచ్చు వేయించలేదు. అది 1929లోగాని వెలుగుచూడలేదు.

పూర్వం వచ్చిన కీళ్ళవాతజ్వరం ఆయన గుండెను దెబ్బతీసి ఉండినది. 1861లో స్టెతస్కోపును తన రొమ్ముమీదనే పెట్టుకొని, గుండె చప్పుడు విని, తనకు కలిగిన వ్యాధిని తానే నిర్ణయించుకొన్నాడు. రోగుల విషయంలో చూపిన నిర్మొగమాటాన్ని తన విషయంలోను చూపినాడు. 1862లో ఆసుపత్రి పదవిని వదలినాడు. తరువాత పదకొండేండ్లు ఆ గుండెతోనే పరిశోధనలు, ఉపన్యాసాలు, గ్రంథరచన సాగించి, 1873 ఏప్రిల్ 20వ తేదీన లండనులో కన్నుమూసినాడు.

ఆయన మరణించిన ఆ సంవత్సరమే రుస్టిట్స్కీ అనే రష్యా వైద్యుడు ఎముకల మూలుగలో పలుచోట్ల పుట్టే ఈ వ్యాధికి మల్టిపుల్ మైలోమా అని పేరుపెట్టినాడు. 1889లో ఓట్టో కాలర్ అనే వైద్యుడు ఒక రోగి చరిత్రను సమగ్రంగా వర్ణించి, మూత్రంలోని ఆ వస్తువును, ఎముకల వ్యాధిని జంటగా వైద్యలోకం దృష్టికి తెచ్చినాడు. 1900లో జేమ్స్ రైట్ ఆ వ్యాధికి మూలం మూలుగలోని ప్లాస్మా కణాలని చూపినాడు. అయినా ఆ వింత పదార్థం ఏమిటన్న ప్రశ్నకు జవాబు రావడానికి నూరేండ్లు దాటినవి. 1962లో జెరాల్డ్ ఎడెల్మన్, జోసెఫ్ గాలీ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఆ ముడి విప్పినారు.

రోగక్రిములతో పోరాడడానికి ప్లాస్మా కణాలు ప్రతిరక్షకాలనే మాంసకృత్తులను తయారుచేస్తాయి. ప్రతి ప్రతిరక్షకంలోను బరువు గొలుసులు రెండు, తేలిక గొలుసులు రెండు ఉంటాయి. మైలోమాలో ఒక్క ప్లాస్మా కణపు సంతతి అదుపు తప్పి పెరిగి, ఒకే రకమైన తేలిక గొలుసులను మితిమీరి తయారుచేస్తుంది. అవి ఆల్బుమిన్‌లో దాదాపు మూడవ వంతు బరువుగల చిన్న అణువులు. అందుచేత చెడిపోని మూత్రపిండాల గుండానే వడకట్టబడి మూత్రంలోనికి జారుతాయి. ఎడెల్మన్ చేసిన పరీక్షలలో ఒకటి గమనింపదగినది. రక్తంలోని ప్రతిరక్షకం నుండి వేరుచేసిన తేలిక గొలుసులను వేడిచేయగా అవి 40 నుండి 60 డిగ్రీల నడుమ మసకబారినవి. నీరు మరుగు వేడికి కరగినవి. చల్లార్చగా మరల పేరుకొన్నవి. 1845లో పరీక్షనాళికలో చూచిన వింతయే 1962లో జవాబుకు సాక్ష్యమైనది. ప్రతిరక్షకాల నిర్మాణాన్ని తెలిపినందుకు ఎడెల్మన్‌కు, రాడ్నీ పోర్టర్‌కు 1972లో నోబెల్ బహుమానం లభించినది.

జోన్స్ వర్ణించిన గుర్తుతో మొదలైన మార్గం నేడు విశాలమైనది. మూత్రంలో రాలిపడే కణాలను సూక్ష్మదర్శినితో చూచి మూత్రాశయపు క్యాన్సరును గుర్తించే పద్ధతిని పపనికొలావ్, మార్షల్ అనువారు 1945లో ప్రకటించినారు. మూత్రంలోని ఇతర పదార్థాలను ఆధారం చేసుకొన్న పరీక్షలు అటుపిమ్మట అనేకం వచ్చినవి. కాని గుర్తు వేరు, తీర్పు వేరు. మైలోమా రోగులందరి మూత్రంలోను ఈ మాంసకృత్తు ఉండదు. ఉన్నవారందరికిని మైలోమా ఉండదు. ఆల్బుమిన్‌ను పట్టే రంగుకాగితపు పరీక్షకు ఇది తరచుగా చిక్కదు. అందువలన నేడు విద్యుత్ప్రవాహంతో మాంసకృత్తులను వేరుచేసే పద్ధతులను, రక్తంలోని తేలిక గొలుసులను కొలిచే పరీక్షలను తోడుచేసుకొంటారు.

మరొక పాఠం జపాను దేశం నేర్పినది. పసిబిడ్డలలో వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సరును ముందే పట్టాలని, ఆరునెలల శిశువులందరి మూత్రం పరీక్షించే ఏర్పాటును ఆ దేశం 1985లో దేశవ్యాప్తం చేసినది. గడ్డలు ఎక్కువగా బయటపడినవి. కాని వానిలో అనేకం వాటంతట అవే కరగిపోయే రకమని, ఇట్టి మూకుమ్మడి పరీక్షలవలన మరణాలు తగ్గలేదని కెనడా, జర్మనీ దేశాల పరిశోధనలు 2002లో చూపగా, 2004లో ఆ ఏర్పాటును నిలిపివేసినారు. గుర్తును కనిపెట్టడం శాస్త్రంలో సగం పని. దానివలన రోగికి మేలు కలుగునా అన్నది విచారించడం మిగిలిన సగం.

బెన్స్ జోన్స్ చరిత్రలో మరచిపోరాని పేరు మాకింటైర్‌ది. రోగి పక్కన నిలిచి, మూత్రం వేడిచేసి, వింతను మొదట చూచినవాడు ఆయన. తన పరిశీలనను 1850లోగాని ఆయన సవిస్తరంగా ప్రకటించలేదు. పదార్థానికి జోన్స్ పేరే నిలిచినది. అదియైనా సరిగా నిలిచినదా అంటే అదీ లేదు. బెన్స్ అనునది ఆయన పేరులో భాగమే. తన వ్యాసాలలో ఆయన ఎన్నడును రెండు మాటల నడుమ గీత గీయలేదు. తరువాతివారు గీత గీసి, ఇద్దరు మనుష్యుల పేర్లేమో అని భ్రమ కలిగేటట్లు చేసినారు. ఆ వ్యాపారి ప్రాణాన్ని మాకింటైర్ గాని, వాట్సన్ గాని, జోన్స్ గాని కాపాడలేకపోయినారు. అయినా, చికిత్స చేతకాని చోట వారు చూపును వదలలేదు. కారణం తెలియకున్నా కనబడినదాన్ని కనబడినట్లే వ్రాసిపెట్టినారు. తరువాతివారు వెదుకవలసిన చోటు చూపి వెళ్ళినారు. నేడు ఏ ఆసుపత్రిలోనైనా మైలోమా సకాలంలో గుర్తింపబడిన ప్రతి రోగియు ఆ వ్యాపారికి, ఆ ముగ్గురు వైద్యుల సత్యనిష్ఠకు ఋణపడి ఉన్నాడు.